2021 జాతీయ సినిమా అవార్డులు: మా విజయనగరం క్లాసులో తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో సాయంత్రం పూట గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ పరీక్షలకీ చదివే పిల్లలకి కరెంట్ అఫైర్స్ చెబుతుంటాను. చంద్రయాన్ పాఠం అరగంటలో అయిపోతుంది. 69వ జాతీయ చలనచిత్ర అవార్డుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గంట కూడా చాలదు. ప్రతి ఒక్కరికీ ఏదో ఒక ప్రశ్న ఉంటుంది. సగం ప్రశ్నలు పరీక్ష కోసం, మిగతా సగం సినిమా మీద ప్రేమ కొద్దీ అడిగేవి. రెండు రకాలూ కలిపి ఇక్కడ రాశాను.

ఈ అవార్డులు ఎప్పుడు ప్రకటించారు? ఎప్పుడు ఇచ్చారు?

2023 ఆగస్టు 24న ఢిల్లీలో ప్రకటించారు. అంతకు ముందు రోజే చంద్రయాన్-3 చందమామ మీద దిగింది. మర్నాడు ఉత్తమ చలనచిత్రంగా ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ కథతో తీసిన 'రాకెట్రీ: ది నంబి ఎఫెక్ట్' పేరు వినగానే క్లాసులో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రెండు రోజుల్నీ కలిపి గుర్తు పెట్టుకుంటే తేదీ మర్చిపోవడం కష్టం.

అవార్డుల ప్రదానం 2023 అక్టోబరు 17న, దసరా నవరాత్రుల్లో, విజ్ఞాన్ భవన్‌లో జరిగింది. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా ఇచ్చారు. ఫీచర్ సినిమాల జ్యూరీకి దర్శకుడు కేతన్ మెహతా అధ్యక్షుడు.

ఆర్‌ఆర్‌ఆర్ 2022లో కదా వచ్చింది, 2021 అవార్డుల్లో ఎలా ఉంది?

అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. పాలకొండ వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు మొదటిసారి అడిగిన మాట నాకింకా గుర్తుంది: "ఏటి మాస్టారూ, సినిమా 2022లో ఒస్తే అవార్డు 2021దేటి?"

జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే సెన్సార్. జాతీయ అవార్డులకి సినిమా థియేటర్లోకి వచ్చిన తేదీని చూడరు. సెన్సార్ సర్టిఫికెట్ ఏ ఏడాదిలో వచ్చిందో ఆ ఏడాది లెక్కలోకే సినిమా వెళ్తుంది. 2021 జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు సర్టిఫికెట్ తీసుకున్నవే 69వ అవార్డులకి పోటీ పడ్డాయి. ఆర్‌ఆర్‌ఆర్‌ని 2022 సంక్రాంతికి ముందే విడుదల చేద్దామనుకున్నారు కాబట్టి సెన్సార్ 2021లోనే అయింది. కరోనా వల్ల విడుదల మార్చి 25కి జరిగింది. 'గంగూబాయి కాఠియావాడి', 'ది కశ్మీర్ ఫైల్స్', 'రాకెట్రీ' కూడా 2022లో థియేటర్లకి వచ్చినవే. ఈ మూడూ 2021 జాబితాలోనే ఉన్నాయి.

మన తెలుగుకి ఇది కొత్త కాదు. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. కానీ జాతీయ అవార్డుల్లో దాని పేరు 27వ అవార్డుల్లో, అంటే 1979 సినిమాల్లో కనిపిస్తుంది.

ఒక మోడల్ పేపర్లో ఈ ప్రశ్నకి 2022 అనే ఆప్షన్‌నే సరైన జవాబుగా అచ్చేశారు. అది నమ్మి రాసిన పిల్ల నా దగ్గర కూర్చుని చాలాసేపు బాధపడింది. ఆ రోజే ఈ ప్రశ్నలన్నీ ఒకచోట రాయాలని అనుకున్నాను.

69వది అంటే ఏ ఏడాదో ఎలా గుర్తు పెట్టుకోవాలి?

అవార్డు సంఖ్యకి 1952 కలపండి. 69కి 1952 కలిపితే 2021. మొదటి అవార్డులు 1953 సినిమాలకి, 1954లో ఇచ్చారు. అప్పుడు ఉత్తమ చిత్రం మరాఠీ 'శ్యామ్‌చీ ఆయీ'. 27కి కలిపితే 1979, 63కి కలిపితే 2015. ఈ లెక్క ఎక్కడా తప్పలేదు. ప్రకటన వచ్చిన ఏడాదిని మాత్రం ఇందులోకి తేకండి. కరోనా తర్వాత ప్రకటనలు బాగా వెనకబడ్డాయి. పిల్లల్లో సగం మంది తప్పు చేసేది అక్కడే.

తెలుగుకి మొత్తం ఎన్ని వచ్చాయి?

సినిమాలకి పది. ఉత్తమ సినీ విమర్శకుడిగా తెలుగులో రాసే పురుషోత్తమాచార్యుల్ని ఎంపిక చేశారు. ఆయన్ని కలుపుకుంటే పదకొండు.

ఉత్తమ నటుడు అల్లు అర్జున్, 'పుష్ప: ది రైజ్'. పాటలకి ఉత్తమ సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్, అదే సినిమాకి. ఉత్తమ తెలుగు చిత్రం 'ఉప్పెన'. ఉత్తమ గీత రచయిత చంద్రబోస్, 'కొండపొలం'. మిగతా ఆరూ ఆర్‌ఆర్‌ఆర్‌వే: సంపూర్ణ వినోదం అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రం, నేపథ్య సంగీతానికి కీరవాణి, గాయకుడిగా కాలభైరవ, నృత్యాలకి ప్రేమ్ రక్షిత్, ఫైట్లకి కింగ్ సోలమన్, విజువల్ ఎఫెక్ట్స్‌కి శ్రీనివాస్ మోహన్.

ఈ జాబితాని పిల్లలు పైనుంచి చదువుతారు, హీరో దగ్గర ఆగిపోతారు. నేను మాత్రం కింది నుంచి చదివిస్తాను. ప్రేమ్ రక్షిత్, కింగ్ సోలమన్, శ్రీనివాస్ మోహన్ పేర్లు ముందు నోటికి రావాలి. పరీక్షలో కష్టమైన ప్రశ్నలు వాళ్ల మీదే వస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, సినిమా హాల్లో మనల్ని కుర్చీలోంచి లేపింది వాళ్ల పనే. ఆ చెమటకి పేరు తెలియకపోవడం నాకు మనసుకి కష్టంగా ఉంటుంది.

ఉత్తమ నటుడు అవార్డు తీసుకున్న మొదటి తెలుగు హీరో అల్లు అర్జునేనా?

అవును. ఉత్తమ నటుడు అవార్డు 1967 సినిమాలతో మొదలైంది. మొదట తీసుకున్నది బెంగాలీ నటుడు ఉత్తమ్ కుమార్. అక్కడి నుంచి 54 ఏళ్లు తెలుగు నటుడెవరికీ రాలేదు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీగా, చిత్తూరు యాస మాట్లాడే పుష్పరాజ్ పాత్రకి వచ్చింది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. తెలుగు సినిమాకి నటన అవార్డే ఇదే మొదటిదని కొందరు రాసేస్తున్నారు. అది తప్పు. తెలుగు సినిమాల్లో నటించి ఉత్తమ నటి అవార్డు తీసుకున్నవాళ్లు అప్పటికే నలుగురున్నారు: 'నిమజ్జనం'కి శారద, 'దాసి'కి అర్చన, 'కర్తవ్యం'కి విజయశాంతి, 'మహానటి'కి కీర్తి సురేష్. మన సినిమాకి ఆ గౌరవం ముందు ఆడవాళ్లే తెచ్చారు. ఈ నాలుగు పేర్లూ నోట్సులో రాసుకోండి.

ఇంకో మాట. చిత్తూరు యాసకి దేశమంతా చప్పట్లు కొట్టినప్పుడు మా పిల్లలు అడిగారు, మన యాస మాట్లాడే పాత్రకి ఎప్పుడొస్తుందని. "ఏటి", "ఒస్తన్నాను", "సెప్పీసినాడు" అనే మాటల్ని కామెడీకే వాడిన రోజులు చాలా ఉన్నాయి. యాసని నవ్వించడానికి కాక మనిషిని చూపించడానికి వాడితే ఏమవుతుందో ఆ ఏడాది రుజువైంది. మన ఉత్తరాంధ్రలో కథలకి లోటు లేదు. ఉద్దానం కొబ్బరితోటలున్నాయి, పలాస జీడి బట్టీలున్నాయి, గుజరాత్ తీరానికి వేటకి పోయే మత్స్యకారులున్నారు.

సంగీతానికి ఇద్దరికి ఎందుకిచ్చారు?

జాతీయ అవార్డుల్లో సంగీతానికి రెండు విభాగాలున్నాయి. ఒకటి పాటలకి, రెండోది నేపథ్య సంగీతానికి. 2021లో పాటలకి దేవిశ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతానికి కీరవాణి. రెండూ తెలుగు సినిమాలకే రావడం విశేషం. కీరవాణికి ఇది మొదటిసారి కాదు, 'అన్నమయ్య'కి ఇంతకుముందే సంగీత దర్శకుడిగా జాతీయ అవార్డు ఉంది.

'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చింది కదా, మరి చంద్రబోస్‌కి జాతీయ అవార్డు ఆ పాటకేనా?

కాదు. ఇది పరీక్ష పేపర్ తయారుచేసేవాళ్లకి బాగా ఇష్టమైన మెలిక. ఆస్కార్, దానికి ముందు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది 'నాటు నాటు'కి, 2023లో. జాతీయ అవార్డు మాత్రం 'కొండపొలం'లోని 'ధమ్ ధమ్ ధమ్' పాటకి. క్రిష్ దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమా గొర్రెల మందని తోలుకుని నల్లమల అడవిలోకి పోయేవాళ్ల కథ. థియేటర్లలో పెద్దగా ఆడలేదు. ప్రపంచమంతా ఊగిన పాట రాసిన కవికి, అదే ఏడాది అడవి మీద రాసిన పాటకి దేశం పట్టం కట్టింది. ఆ పాట వినకపోతే ఒకసారి వినండి.

'నాటు నాటు'కి జాతీయ అవార్డుల్లో ఏమీ రాలేదని కూడా అనుకోవద్దు. ఆర్‌ఆర్‌ఆర్ నృత్యాలకి ప్రేమ్ రక్షిత్‌కి వచ్చింది కదా, ఆ స్టెప్పులు కూర్చింది ఆయనే.

కాలభైరవకి ఏ పాటకి వచ్చింది?

'కొమురం భీముడో'. 'నాటు నాటు' పాడిన ఇద్దరిలోనూ కాలభైరవ ఒకరు, రెండోవారు రాహుల్ సిప్లిగంజ్. అయినా జ్యూరీ ఎంచుకున్నది కొరడా దెబ్బల మధ్య వినిపించే ఆ పాటని. సుద్దాల అశోక్ తేజ రాశారు. కాలభైరవ కీరవాణి కొడుకు. ఒకే ఏడాది, ఒకే సినిమాకి తండ్రికి నేపథ్య సంగీతంలో, కొడుక్కి గానంలో అవార్డులు వచ్చాయి.

గాయకుల అవార్డుకీ విజయనగరానికీ ఏదో సంబంధం ఉందంటారు, ఏమిటది?

ఈ ప్రశ్న ఎవరూ అడక్కపోతే నేనే అడిగి నేనే చెబుతాను.

జాతీయ అవార్డుల్లో మొదట్లో గాయకులకి చోటు లేదు. గాయకుడి అవార్డు 1967 సినిమాలకీ, గాయని అవార్డు 1968 సినిమాలకీ మొదలైంది. దేశంలో ఉత్తమ గాయనిగా మొట్టమొదట ఆ అవార్డు అందుకున్నది పి. సుశీల గారు. 1935లో మా విజయనగరంలో పుట్టారు. ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నారు. ఆ మొదటి అవార్డు 'ఉయర్ంద మనిదన్' అనే తమిళ సినిమాకి వచ్చింది. మొత్తం ఐదుసార్లు తీసుకున్నారు. వాటిలో మూడు తెలుగు సినిమాలకి: 'సిరిసిరిమువ్వ', 'మేఘసందేశం', 'ఎమ్మెల్యే ఏడుకొండలు'.

సంగీత కళాశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ మోగింది అక్కడే. ఘంటసాల గారు వచ్చి పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నదీ అక్కడే. ఈ ఊళ్లో కూర్చుని జాతీయ అవార్డుల జాబితాలో గాయకుల పేరు దాటేసి హీరో పేరు మాత్రమే చదివితే నాకు ప్రాణం ఒప్పదు. సుశీల గారు తెర మీద కనిపించలేదు. ఆమె గొంతు విననిదే మా అమ్మకి తెల్లవారేది కాదు.

2021లో ఆ గాయని అవార్డు శ్రేయా ఘోషల్‌కి వచ్చింది, తమిళ 'ఇరవిన్ నిళల్' సినిమాకి.

'ఉప్పెన' ఉత్తమ తెలుగు చిత్రమైతే ఆర్‌ఆర్‌ఆర్ దానికన్నా తక్కువా?

విభాగాలు వేరు. ఉత్తమ తెలుగు చిత్రం అనేది ఒక్కో భాషకి ఒక్కటిచ్చే అవార్డు. ఆర్‌ఆర్‌ఆర్‌కి వచ్చిన ప్రజాదరణ చిత్రం అవార్డుకి అన్ని భాషల సినిమాలూ పోటీ పడతాయి, దానికి స్వర్ణ కమలం ఇస్తారు. 1979లో 'శంకరాభరణం'కి వచ్చింది కూడా ఇదే విభాగంలో.

'ఉప్పెన' దర్శకుడు బుచ్చిబాబు సానాకి అది మొదటి సినిమా. సుకుమార్ దగ్గర సహాయకుడిగా పనిచేసి వచ్చాడు. అంటే గురువు తీసిన 'పుష్ప'కీ శిష్యుడు తీసిన 'ఉప్పెన'కీ ఒకే వేదిక మీద అవార్డులు అందాయన్నమాట.

మిగతా పెద్ద అవార్డులు ఎవరికి?

ఉత్తమ దర్శకుడు నిఖిల్ మహాజన్, మరాఠీ 'గోదావరి'. పేరు చూసి మన గోదావరి సినిమా అనుకోకండి. ఉత్తమ నటి ఇద్దరు: 'గంగూబాయి'కి ఆలియా భట్, 'మిమీ'కి కృతి సనన్. సహాయ నటుడు పంకజ్ త్రిపాఠి, 'మిమీ'. సహాయ నటి పల్లవి జోషి, 'ది కశ్మీర్ ఫైల్స్'. బాలనటుడు గుజరాతీ 'ఛెల్లో షో'లో చేసిన భవిన్ రబారి. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు నుంచి వచ్చే పిల్లలు ఒడియా గురించి అడుగుతారు: ఉత్తమ ఒడియా చిత్రం 'ప్రతీక్ష్య'.

ఉత్తమ చలనచిత్రంగా తెలుగు సినిమా నిలిచింది 'బాహుబలి: ది బిగినింగ్'తో, 63వ అవార్డుల్లో.

వహీదా రెహమాన్‌కి ఫాల్కే అవార్డు ఇచ్చారు కదా, ఆమె తెలుగులో చేశారా?

చేశారు. ఆమె సినిమా ప్రయాణం మొదలైందే తెలుగులో. 1955లో వచ్చిన 'రోజులు మారాయి'లో 'ఏరువాకా సాగారో' పాటకి నర్తించింది ఆమే. ఆ పాట ఇప్పటికీ తొలకరి రోజుల్లో మా పల్లెల్లో వినిపిస్తుంది. అందులో ఆడిన అమ్మాయే ఆ తర్వాత హిందీలో అంత పెద్ద నటి అయిందని చాలామంది పిల్లలకి తెలియదు. 2021కి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆమెకే ప్రకటించి, అక్టోబరు 17న అదే వేదిక మీద ఇచ్చారు. పాట వీడియో క్లాసులో చూపించాను. వెనక బెంచీలో కూర్చున్న ఒకమ్మ "మా తాతమ్మ పాడీది మాస్టారూ ఇది" అంది.

డబ్బు ఎంత ఇస్తారు?

69వ అవార్డులప్పుడు ఉత్తమ నటుడికి రజత కమలం, 50 వేల రూపాయలు. ఇద్దరికి కలిపి వస్తే డబ్బు పంచుకుంటారు, పతకం ఎవరిది వాళ్లకే. ఉత్తమ చలనచిత్రానికి స్వర్ణ కమలం, రెండున్నర లక్షలు. 70వ అవార్డుల నుంచి ఇవి పెంచారు: స్వర్ణ కమలానికి 3 లక్షలు, రజత కమలానికి 2 లక్షలు. పాత పుస్తకం చదివేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి.

శ్రీకాకుళం జిల్లా నుంచి జాతీయ అవార్డులతో పేరు ముడిపడినవాళ్లు ఎవరు?

జె.వి. సోమయాజులు గారు. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టారు. డిప్యూటీ కలెక్టర్‌గా పనిచేస్తూ నాటకాలాడిన మనిషి. 'శంకరాభరణం'లో శంకరశాస్త్రి ఆయనే. ఆ సినిమాకి నాలుగు జాతీయ అవార్డులు వచ్చాయి: ప్రజాదరణ చిత్రం, సంగీతానికి కె.వి. మహదేవన్, గాయకుడిగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, గాయనిగా వాణీ జయరాం. నటుడి అవార్డు మాత్రం ఆ ఏడాది హిందీ 'స్పర్శ్'కి నసీరుద్దీన్ షాకి వెళ్లింది. నసీరుద్దీన్ షా గొప్ప నటుడే, కాదనను. కానీ సోమయాజులు గారికి రాలేదన్న వెలితి నాకు ఇప్పటికీ ఉంది. ఆయన కళ్లలోని తీక్షణత చూసి పెరిగిన మా తరానికి ఆ వెలితి పోదు.

మన రాష్ట్రం నంది అవార్డులు 2021 సినిమాలకి ఇచ్చిందా?

ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 నవంబరులో 2014, 2015, 2016 సినిమాలకి కలిపి నంది ప్రకటించింది. 2021కి రాలేదు. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పేరుతో ఇచ్చిన అవార్డుల్లో పాత ఏళ్ల ఉత్తమ చిత్రాల్ని కూడా చేర్చింది. నంది 1964లో మొదలైన అవార్డు. చిన్న నాటకాలవాళ్లు కూడా దాని కోసం ఏడాదంతా ఎదురు చూసేవారు. అది మళ్లీ రావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఫిల్మ్‌ఫేర్, జాతీయ అవార్డు ఒకటేనా?

కాదు. ఫిల్మ్‌ఫేర్ ఒక ప్రైవేటు సంస్థ ఇచ్చేది. కరోనా వల్ల 2020, 2021 తెలుగు సినిమాలకి కలిపి 2022 అక్టోబరులో బెంగళూరులో ఇచ్చారు. అందులో ఉత్తమ చిత్రం 'పుష్ప', నటుడు అల్లు అర్జున్, నటి 'లవ్ స్టోరీ'కి సాయిపల్లవి. జాతీయ అవార్డు కేంద్ర సమాచార ప్రసార శాఖ ఇచ్చేది. నిర్మాతలు ఎంట్రీలు పంపుతారు. ముందు ప్రాంతీయ ప్యానెళ్లు వడపోస్తాయి, తర్వాత కేంద్ర జ్యూరీ చూసి నిర్ణయిస్తుంది. ప్రేక్షకుల ఓటింగ్ ఉండదు. ఫోన్లో లింకు పంపి "మీ హీరోకి ఓటెయ్యండి" అని ఎవరైనా అంటే నొక్కకండి.

నేను టెక్కలిలో షార్ట్‌ఫిల్మ్ తీశాను. నేనూ పంపొచ్చా?

పంపొచ్చు. చిన్న సినిమాలకి నాన్-ఫీచర్ విభాగం ఉంది. సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఆ ఏడాది లోపల తీసుకున్నదై ఉండాలి, యూట్యూబ్‌లో పెట్టిన తేదీ లెక్కలోకి రాదు. డబ్బింగ్ సినిమాలు పనికిరావు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వెయ్యాలి, మన యాసని అర్థమయ్యేలా తర్జుమా చేసేవాళ్లని ముందే చూసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక గడువు ఎక్కువ ఉండదు, కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి.

ఒక్కటి మాత్రం సెన్సార్‌కి వెళ్లకముందే చెయ్యండి. మీతో రాత్రంతా మైక్ పట్టుకున్న కుర్రాడి పేరు, పాట పాడిన అమ్మాయి పేరు, ఎడిటింగ్ చేసిన వాడి పేరు టైటిల్స్‌లో ఇంటిపేరుతో సహా, అక్షరం తప్పు లేకుండా వెయ్యండి.